ఏ పని చేసిన రోజున దమ్ము వస్తోంది?

పత్తి ఏరడం ముగింపుకు వచ్చి, మిర్చి కోతలు ఊపందుకునే ఈ రోజులలో మా శీర్షికకు చేరిన ఉత్తరాలలో చాలావరకు దగ్గు, ఆయాసాల గురించే ఉన్నాయి. రాసినవారు వేరువేరు ఊళ్లవారు, వేరువేరు పనులవారు. అయినా దాదాపు ప్రతి ఉత్తరంలోనూ "దుమ్ములో పని కదా, దగ్గు మామూలే" అన్న మాట ఏదో ఒక రూపంలో ఉంది. ఛాతీ వైద్యుడిగా ఆ మాటను నేను ఒప్పుకోలేను. దగ్గు ఏ పని చేసిన రోజున వస్తోందో, ఆ పని మొదలుపెట్టిన ఎన్ని గంటలకు వస్తోందో గమనిస్తే జబ్బు ఏమిటో సగం తెలిసిపోతుంది కనుక, ఈసారి జవాబులన్నింటిలోనూ ముందుగా ఆ లెక్కనే చూస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 43. ఏడేళ్లుగా ఒక జిన్నింగ్ మిల్లులో సీజన్ పని చేస్తున్నాను. ఆదివారం సెలవు. సోమవారం మధ్యాహ్నానికల్లా ఛాతీ మీద బస్తా పెట్టినట్టు బరువెక్కి, రాత్రికి దగ్గు, దమ్ము వస్తాయి. మంగళ, బుధవారాలకు తగ్గిపోతాయి. ఆదివారం తాగిన కల్లు వల్ల అని తోటివారు అంటే అదీ మానేశాను, అయినా తగ్గలేదు. బీడీలు రోజుకు నాలుగైదు తాగుతాను. ఇది గుండె జబ్బా?
— ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: మీరు సోమవారాన్ని పట్టుకుని చెప్పడం నాకు ఎంతో ఉపయోగపడింది. సెలవు తరువాత మొదటి పనిదినాన ఛాతీ బిగిసి, పని సాగుతున్న కొద్దీ సర్దుకోవడం బిస్సినోసిస్ అనే జబ్బు తొలి లక్షణం. పత్తి, జనపనార, అవిసె నారల దుమ్ము పీల్చేవారికి ఇది వస్తుంది. నూలు మిల్లులలో దూదిని ఏకే కార్డింగ్ గదులలో దీనిని ఎక్కువగా గుర్తించారు కాని, గింజ నుంచి దూదిని వేరు చేసే జిన్నింగులోనూ ఇది లేకపోలేదు. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు మొదలైన నాటి నుంచీ ఓరుగల్లు ప్రాంతానికి పత్తి దుమ్ము కొత్తది కాదు, అయినా ఈ జబ్బు పేరు మాత్రం మన కార్మికులలో చాలామంది చెవిన ఇంకా పడలేదు.

ఇందులో తెల్లగా ఎగిరే దూది పోగులకంటే కంటికి కనిపించని పొడి ఎక్కువ హాని చేస్తుంది. పత్తికాయను అంటిపెట్టుకుని వచ్చే ఎండు రేకులు, ఆకు తునకలు యంత్రంలో నలిగి గాలిలో కలుస్తాయి. వాటి మీద పెరిగిన బ్యాక్టీరియా గోడలలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది, అది శ్వాసనాళాలను వాచేలా, బిగుసుకునేలా చేస్తుంది. వరుసగా పీలుస్తూ ఉంటే శరీరం రెండు మూడు రోజులలో దానికి కొంత అలవాటు పడుతుంది, మధ్యలో విరామం దొరికితే ఆ అలవాటు పోయి సోమవారం మళ్లీ మొదటికి వస్తుంది. అందుచేత బుధవారం హాయిగా ఉన్నంత మాత్రాన ఆ రోజు దుమ్ము మీకు హాని చేయడం లేదని అనుకోకండి. ఏళ్లు గడిచేకొద్దీ సోమవారపు బాధ మంగళవారానికి, బుధవారానికి పాకుతుంది, ఆ తరువాత వారమంతా ఉంటుంది, చివరకు సీజన్ అయిపోయి ఇంట్లో కూర్చున్నా ఆయాసం వదలదు. ఆ చివరి దశలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న బలాన్ని మందులు తిరిగి తేలేవు. మీరింకా మొదటి మెట్టు మీదే ఉన్నారు కనుక ఇప్పుడు జాగ్రత్త పడితే ప్రయోజనం ఉంటుంది. బీడీ ఈ దారిని దగ్గర చేస్తుంది, కల్లు కంటే ముందు మానవలసింది అదే.

గుండె సంగతి కూడా తేల్చుకోవాలి. ఈ వయసులో ఛాతీ బరువును దుమ్ము ఖాతాలో వేసి వదిలేయకూడదు, ఒకసారి ఈసీజీ తీయించుకోండి. నడిచినప్పుడో బరువు ఎత్తినప్పుడో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఎడమ చేతికి లాగితే మాత్రం అది ఏ వారమని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఊపిరితిత్తులకు చేయించుకోవలసిన పరీక్ష స్పైరోమెట్రీ. గొట్టంలోకి బలంగా, ఆరు సెకన్ల పాటు ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో యంత్రం కొలుస్తుంది. సోమవారం పనిలోకి వెళ్లే ముందు ఒకసారి, పని దిగగానే మరొకసారి చేయించుకుంటే రెండు అంకెల మధ్య తేడాయే సాక్ష్యం. రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లడం వీలుకాకపోతే మందుల దుకాణాలలో దొరికే, గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటరు కొనుక్కుని, రెండు వారాల పాటు రోజూ పొద్దున, సాయంత్రం ఊది, ఆ అంకెలను తేదీలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుని వైద్యునికి చూపండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా దగ్గరికి వచ్చే ఓపీ చీటీలలో వృత్తి అన్న గడిలో తరచుగా "కూలీ" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. మిర్చి కూలీయా, బండ కొట్టే కూలీయా, రైసుమిల్లు కూలీయా అన్నది తెలియకుండా ఊపిరితిత్తుల జబ్బును పోల్చుకోవడం కష్టం. మూడు వందల ఏళ్ల కిందటే ఇటలీ వైద్యుడు రామజ్జినీ రోగిని అడగవలసిన ప్రశ్నలలో "నీవు చేసే పని ఏమిటి" అన్నదాన్ని చేర్చమని వైద్యులను కోరాడు. మీ చీటీ మీద "జిన్నింగ్ మిల్లు, ఏడేళ్లు" అని అడిగి రాయించండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం బిస్సినోసిస్‌ను అధికారులకు తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది, 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం దీనిని వృత్తి వల్ల వచ్చే జబ్బుగా గుర్తించింది. 2025 నవంబరులో వాటి స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. పని వివరం కాగితం మీద లేకపోతే ఏ చట్టమూ మీకు అక్కరకు రాదు.

మిల్లులో దుమ్ము తక్కువగా ఉండే కాంటా వైపుకో, లోడింగ్ వైపుకో మార్చమని మేస్త్రీని అడగండి. మనుషులు లోపల ఉండగా కంప్రెసర్ గాలితో యంత్రాలను, గోడలను ఊదించవద్దని అందరూ కలిసి అడగడం ఇంకా మేలు, ఎందుకంటే వారమంతా పేరుకున్న సన్నపొడి ఆ పది నిమిషాలలోనే మళ్లీ గాలిలోకి లేస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మాకు రెండు బర్రెలున్నాయి. వానాకాలం కోతలప్పుడు వాన పడి వరిగడ్డి తడిసింది, పూర్తిగా ఆరకముందే వాము వేశాం. ఇప్పుడు వారానికి ఒకసారి నాన్న వాము నుంచి గడ్డి దూసి కొట్టంలో వేస్తారు. ఆ పని పొద్దున చేస్తే రాత్రికి చలిజ్వరం, పొడి దగ్గు, ఒళ్లునొప్పులు, ఆయాసం వస్తాయి. రెండు రోజులకు తగ్గుతాయి. ఇప్పటికి నాలుగుసార్లు ఇలా జరిగింది. మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేయించాం, ఏమీ లేదన్నారు. ప్రతిసారీ సెలైను, యాంటీబయాటిక్ ఇచ్చారు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. మూడు కిలోల బరువు తగ్గారు.
— ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: పొద్దున గడ్డి దూయడం, రాత్రికి జ్వరం, రెండు రోజులకు తగ్గడం. నాలుగుసార్లూ ఇదే వరుస తప్పలేదంటే దోమను, నీటిని అనుమానించే ముందు గడ్డివామును అనుమానించాలి. మీ నాన్నగారికి వచ్చినది హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అయి ఉండవచ్చు. వ్యవసాయదారులలో ఎక్కువగా చూసినందున పాశ్చాత్య వైద్యులు దీనిని రైతు ఊపిరితిత్తుల జబ్బు అని పిలిచారు. 1932లో ఇంగ్లండులో దీనిని మొదటిసారి వివరంగా రాసినప్పుడు కూడా కారణం వానకు తడిసి బూజు పట్టిన గడ్డే.

తడి గడ్డిని వాముగా వేస్తే అది లోలోపల మగ్గి వేడెక్కుతుంది. వాము మధ్యలోకి చేయి పెట్టి చూస్తే వెచ్చగా తగలడం మీకూ తెలిసే ఉంటుంది. ఆ వేడిలోనే కొన్ని జాతుల బ్యాక్టీరియా, బూజులు విపరీతంగా పెరుగుతాయి. గడ్డి ఆరిపోయిన తరువాత దూసినప్పుడు బూడిదరంగు పొగలా లేచేది వాటి బీజాలే. అవి ఎంత సన్నవంటే మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాగా, ఇవి ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే ఉంటాయి. ముక్కు వెంట్రుకలు, గొంతులోని జిగురు వీటిని ఆపలేవు, నేరుగా గాలి గదుల దాకా వెళతాయి. కొందరి శరీరం వాటి మీద తిరగబడి ఊపిరితిత్తుల లోపల వాపు పుట్టిస్తుంది. ఆ వాపు తయారు కావడానికి నాలుగు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది కనుకనే జ్వరం రాత్రికి వస్తుంది, పొద్దుటి పనికీ రాత్రి జ్వరానికీ ఉన్న సంబంధం ఎవరికీ తోచదు. యాంటీబయాటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా రెండు రోజులకు అది తగ్గేదే, సెలైనుకు ఊరకే పేరు వచ్చింది.

బూజు దుమ్ము ఒక్కసారిగా చాలా ఎక్కువగా పీల్చినప్పుడు ఎవరికైనా ఒకటి రెండు రోజుల జ్వరం రావచ్చు, అది తగ్గితే మచ్చ మిగలదు. మీ నాన్నగారి విషయంలో నన్ను కలవరపెడుతున్నది మళ్లీ మళ్లీ రావడం, బరువు తగ్గడం. ఇలా నెలలు, ఏళ్లు సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ప్రమాదం ఉంది. తొలి రోజులలో ఎక్స్‌రే మామూలుగా కనిపించినా లోపల జబ్బు ఉండవచ్చు కనుక ఊపిరితిత్తులను ఎక్స్‌రే కంటే వివరంగా చూపే హెచ్ఆర్ సీటీ స్కాన్, స్పైరోమెట్రీ చేయించాలి. బరువు తగ్గుతున్నారు కాబట్టి తెమడ పడితే క్షయ పరీక్ష కూడా తప్పనిసరి. వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి తీసుకువెళ్లి, నాకు రాసిన వరుసలోనే వారికీ చెప్పండి.

పరీక్షల సంగతి ఎలా ఉన్నా, ఈరోజు నుంచే మీ నాన్నగారు ఆ వాము దగ్గరికి వెళ్లకూడదు. గడ్డి దూసే పని ఇంట్లో వేరొకరు, ఎన్-95 మాస్కు పెట్టుకుని, దుమ్ము తన మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి చేయాలి. బాగా బూజు పట్టిన భాగాన్ని బర్రెలకూ వేయవద్దు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే జ్వరం, దగ్గు వేగంగా తగ్గుతాయి, అది చూసి ఆయన తిరిగి వాములోకి దిగితే మందు చేసిన మేలు కంటే ఆ ధైర్యం చేసే చేటు ఎక్కువ. వచ్చే కోతలకు గడ్డిని పలుచగా ఆరబోసి, చేతిలో విరిస్తే పెళపెళమని విరిగేంతగా ఎండిన తరువాతే వాము వేయండి.

ప్రశ్న: మా అమ్మకు 55 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా మిర్చి కోయడానికి, తొడిమలు తీయడానికి, తాలు కాయలు ఏరడానికి వెళుతుంది. ఇంట్లో గ్యాసు ఉన్నా అన్నం, నీళ్లు కట్టెల పొయ్యి మీదే. నాలుగు మెట్లు ఎక్కితే ఆగిపోతోంది. సీవోపీడీ (శ్వాసనాళాలు సన్నబడి ఆయాసం వదలని జబ్బు) అన్నారు. అది పొగ తాగేవాళ్లకు వచ్చే జబ్బు కదా, అమ్మ ఎన్నడూ బీడీ ముట్టలేదు. ఇన్‌హేలర్ రాశారు కాని, ఒకసారి మొదలుపెడితే జన్మంతా అలవాటవుతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. మాత్రలతో సరిపెట్టకూడదా?
— ఒక పాఠకురాలు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: అమ్మ బీడీ తాగలేదు, నిజమే. పొగ మాత్రం తాగింది. పత్తికట్టె మండక పొగ చిమ్ముతున్నప్పుడు ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగిన మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. బలంగా ఊదాలంటే ముందు బలంగా పీల్చాలి, ఆ పీల్చేది పొయ్యి నోటి దగ్గరి పొగనే. రోజుకు రెండుపూటలా, పెళ్లయిన నాటి నుంచీ లెక్కవేస్తే అది ఎన్ని వేలసార్లవుతుందో మీరే చూడండి. మన పల్లెల్లో బీడీ తాగని స్త్రీలకు సీవోపీడీ రావడానికి పొయ్యి పొగ ముఖ్యమైన కారణం. దాని మీద పొలం దుమ్ము తోడైంది.

మిర్చి ఘాటు గురించి కూడా చెప్పాలి. కాయలోని క్యాప్సైసిన్ శ్వాసనాళాలలోని నరాల కొసలను రేపుతుంది, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దిగే రోజులలో పక్క నుంచి పోయేవారు సైతం దగ్గడం అందువల్లనే. ఈ దగ్గు ఆరోగ్యవంతులకు బయటికి రాగానే తగ్గుతుంది. అప్పటికే నాళాలు సన్నబడిన మీ అమ్మవంటి వారికి మాత్రం ఆ ఘాటు ఆయాసాన్ని ఎగదోస్తుంది. సరిగా ఆరక బూజు పట్టిన తాలు కాయలను ఏరేటప్పుడు ఘాటుతో పాటు బూజు కూడా లోపలికి పోతుంది. వీలైతే ఆ పనిని ఈ సీజన్‌కు మాన్పించండి, మానలేకపోతే మూసిన గదిలో కాకుండా ఆరుబయట, గాలి వీపుకు తగిలేలా కూర్చుని చేయమనండి.

ఇన్‌హేలర్ భయాన్ని ఒక లెక్కతో తీరుస్తాను. నాళాలను విప్పే సాల్బుటమాల్ మాత్రలో ఉండే మందు 4 మిల్లీగ్రాములు, ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర నలభై నొక్కులకు సమానం. మాత్ర కడుపులో కరిగి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి కొంత మాత్రమే ఊపిరితిత్తులకు చేరుతుంది, అందుకే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్‌హేలర్ మందు కావలసిన చోటికే పోతుంది. జబ్బు దీర్ఘకాలం ఉండేది కనుక మందు కూడా దీర్ఘకాలం వాడవలసి వస్తుంది, దానిని అలవాటు అనడం బీపీ మాత్రను అలవాటు అన్నట్టే. ఆమె వయసువారికి నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోవచ్చు కాబట్టి నొక్కిన మందును కాసేపు పట్టి ఉంచే స్పేసర్ అనే గొట్టం అడిగి తీసుకోండి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. ఆయాసం వచ్చినప్పుడల్లా సూది వేయించుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుంది కాని, ఆ సూదులలో ఎక్కువగా ఉండేది స్టెరాయిడ్. పదేపదే వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది.

నీళ్లు కాచే పొయ్యిని వాకిట్లోకి మార్చి, వంటను గ్యాసు మీదికి తేగలిగితే మందులతో సమానమైన మేలు చేసినవారవుతారు. సిలిండరు ధర గురించి మీరు ఆలోచిస్తారని తెలుసు. అన్నీ మార్చలేకపోతే ఊదవలసి వచ్చే పచ్చి కట్టెను, పిడకను ముందు మానండి.

ప్రశ్న: పత్తికి తైవాన్ పంపుతో మందు కొడతాను. మూతికి తువ్వాల తడిపి కట్టుకుంటాను. అయినా మొన్న ఛాతీ పట్టేసి, నోట్లో నీళ్లూరి, చూపు మసకబారింది. ఎన్-95 మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: సరిపోదు. ఎన్-95 దుమ్మును, తుంపరలను కొంతవరకు ఆపుతుంది గాని మందు ఆవిరిని ఆపలేదు. తడి తువ్వాల ఇంకా చెడ్డది. అది మందును పీల్చుకుని, గంటల తరబడి మీ ముక్కుకే ఆనించి ఉంచుతుంది. ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి, ఎందుకంటే ఈ మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి.

మొన్న మీకు జరిగింది దమ్ము అనుకోకండి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషం అదే విధంగా మొదలవుతుంది: నోట్లో, ముక్కులో నీరు, చెమట, చూపు మసక, ఛాతీ బిగుసుకోవడం, కండరాలు అదరడం, ఊపిరితిత్తుల నిండా నురగ. 2017లో మీకు పొరుగునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఏపుగా పెరిగిన చేనులో, ఉక్కపోతలో, తలెత్తు పత్తి మధ్య నిలబడి పైకి కొట్టినప్పుడు తుంపర అంతా మనిషి ముఖం మీదికే దిగుతుంది.

మళ్లీ ఆ లక్షణాలు కనిపిస్తే వెంటనే చేనులోంచి బయటికి వచ్చి, బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లంతా కడుక్కుని, 108కి ఫోను చేయించండి. మందు డబ్బాను వెంట తీసుకువెళ్లాలి, అది చూస్తే విరుగుడు అట్రోపిన్ ఇవ్వాలా వద్దా అన్నది వైద్యులు ఆలస్యం లేకుండా నిర్ణయించగలరు. ఒంటరిగా మందు కొట్టడానికి వెళ్లవద్దు. రెండు మూడు మందులను ఒకే డ్రమ్ములో కలపడం, మిట్టమధ్యాహ్నం కొట్టడం, గాలికి ఎదురుగా నడవడం మానండి.

ప్రశ్న: ధాన్యం గోదాములో హమాలీని. పురుగు రాకుండా మాత్రలు పెట్టి పట్టా కప్పుతారు. వాసన లేకపోతే లోపల పడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: ఎట్టి పరిస్థితులలోనూ పడుకోకూడదు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. గాలిలోని తేమ తగిలి ఒక్కొక్క 3 గ్రాముల మాత్ర నుంచి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వస్తుందంటారు కాని, ప్రాణాపాయం ఉన్నప్పుడు కూడా వాసన తెలియకపోవచ్చు. పట్టా విప్పిన తరువాత తలుపులన్నీ తెరిచి, బాధ్యులు గాలి పరీక్షించి చెప్పేదాకా లోపలికి అడుగు పెట్టకండి. అటువంటి గోదాముకు ఆనుకుని ఉన్న గదిలో కుటుంబంతో ఉంటున్నట్లయితే ఆ గది ఖాళీ చేయండి.

ప్రశ్న: మేము మహిళా సంఘం తరఫున వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతాం. యాసంగి వడ్లు వచ్చేటప్పటికి మాస్కులు కొనాలనుకుంటున్నాం. తువ్వాల, బట్ట మాస్కు, ఆసుపత్రి మాస్కు, ఎన్-95, వీటిలో ఏది? ఇంకో సంగతి. మాలో ఒకామె నెల రోజులుగా దగ్గుతోంది. తాలు దుమ్ము వల్లే అనుకుని ఊరుకున్నాం.
— సంఘ సభ్యులు, హుజూరాబాద్

జవాబు: ఒక హమాలీ మా గదిలో తన తువ్వాల విప్పినప్పుడు నేను దానిని తిరగేసి చూశాను. ముక్కుకు తగిలే లోపలి వైపు, రెండు పుటాలకు ఎదురుగా రెండు నల్లటి మచ్చలున్నాయి. బట్టను దాటి లోపలికి వచ్చిన దుమ్ము గుర్తులవి, కంటికి కనిపించనిది ఎంత దాటిందో చెప్పలేము. వడ్ల నూగు, పెద్ద తాలు పొట్టును తువ్వాల ఆపుతుంది. గాలి గదుల దాకా పోయే అయిదు మైక్రాన్ల లోపు పొడిని ఆపలేదు. ఆసుపత్రి మాస్కు బట్ట కంటే మెరుగే అయినా పక్కల నుంచి గాలి దూరుతుంది. మీరు ఎన్-95 కొనండి, అది 0.3 మైక్రాన్ల రేణువులను కూడా నూటికి 95 వంతులు ఆపుతుంది. తలకు రెండు పట్టీలు ఉన్నవి ఎంచుకోండి. పెట్టుకున్న తరువాత గట్టిగా ఊదినప్పుడు కళ్ల దగ్గర గాలి తగిలితే ముక్కు మీది తీగను మళ్లీ నొక్కాలి. వీటిని ఉతకకూడదు, పీల్చడం కష్టమైనప్పుడు, తడిసినప్పుడు, పట్టీ వదులైనప్పుడు పారేయాలి.

మాస్కు కంటే ముందు చేయవలసినవి కూడా ఉన్నాయి. వడ్లు తూర్పారబట్టే యంత్రం తాలు చిమ్మే వైపు గాలివాలుకు ఉండేలా పెట్టించండి, కాంటా, కుర్చీలు దానికి ఎదురు వైపు ఉండాలి. గాలి మళ్లినప్పుడు యంత్రాన్ని కూడా మళ్లించాలి. తేమ 17 శాతానికి దిగడం కోసం వడ్లను తిరగబోసే పనిలో ఇప్పటికే దమ్ము ఉన్నవారిని పెట్టవద్దు. సాయంత్రం నేల ఊడ్చే ముందు నీళ్లు చిలకరించండి.

మీ సంఘంలోని ఆమె విషయంలో మాత్రం యాసంగి దాకా ఆగకండి. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా, దుమ్ములో పనిచేసేవారైనా సరే, ముందుగా క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితం. క్షయ అని తేలితే మందులు కూడా ఉచితమే, చికిత్స జరిగినంత కాలం పోషణ కోసం నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచారు. పొద్దున నిద్ర లేవగానే నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తీసిన తెమడను ఆసుపత్రివారు ఇచ్చిన డబ్బీలో పట్టి ఇవ్వమనండి. ఉమ్మి ఇస్తే పరీక్షలో ఏమీ తేలదు. రేపు పొద్దున్నే ఆమెకు తోడుగా మీలో ఒకరు వెళ్లండి.